తలనీలాలు ఇచ్చిందని చెప్పండి

కొత్తగా మా దవాఖాన బండిలో పనికి ఎక్కిన ఇద్దరు సిస్టర్లు పోయిన నెల మా ఇంటికి వచ్చారు. చాయ తాగుతూ అందులో చిన్నది అడిగింది.

"మేడం, పుండు కడుగుడు నేర్చుకున్నం, నొప్పి మందు ఎంత ఇయ్యాల్నో నేర్చుకున్నం. గానీ ఇంట్ల పిల్లలుంటే ఏం చెప్పాలె? వాళ్ళ అమ్మకు క్యాన్సర్ అని ఎట్ల చెప్పాలె? ట్రైనింగుల గా ముచ్చట ఎవలు చెప్పలే."

నేను జవాబు చెప్పకుండా ఇంకో బిస్కెట్ తినమన్నాను. వాళ్ళు పోయాక నా మీద నాకే ఒళ్ళు మండింది. ముప్పై మూడేళ్ళు నర్సు ఉద్యోగం చేశాను. నోరు లేనిదాన్ని కాదు, డాక్టర్లతో కూడా కొట్లాడినదాన్ని. ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం బిస్కెట్ చూపించాను. అందుకే ఈ రాత. ఎప్పుడు చేరాను, ఎక్కడికి బదిలీ అయ్యాను, ఏ ప్రమోషన్ ఎన్నేళ్ళు ఆలస్యమైంది అన్న సంగతులు ఇందులో ఉండవు. అవి సర్వీసు పుస్తకంలో ఉన్నాయి, అక్కడే చెదలు పట్టనీ. ఇందులో ఉన్నది నేను చేసిన ఒక తప్పు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, పడనీ. మీకు పనికొస్తే చాలు.

అసలు పని

చివరి ఆరేళ్ళు నన్ను వార్డు నుంచి తీసి ఇంటింటికి తిరిగే బండిలో వేశారు. నయం చేసే మందు ఇక లేదన్న రోగుల ఇళ్ళకు, మందు నడుస్తున్నా పుండ్లతో, నొప్పులతో మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు పోవాలి. నొప్పికి గోళీలు ఇవ్వాలి, పుండ్లు కడగాలి, ఇంటివాళ్ళకు ఆ పని నేర్పి రావాలి. ఎక్కువమంది క్యాన్సర్ రోగులే. బాన్సువాడ గల్లీలు, కోటగిరి కాలువ కింది ఊళ్ళు, పెద్ద కొడప్‌గల్ తండాలు, అటు మద్నూర్ దాకా తిరిగేవాళ్ళం. ఈ పనిలో కష్టం వాసన అనుకుంటారు కొత్తవాళ్ళు. వాసన నెల రోజుల్లో అలవాటవుతుంది. నాకు చివరిదాకా అలవాటు కానిది గడపలో నిలబడ్డ పిల్లలు.

మేము లోపలికి పోగానే ఎవరో ఒకరు "పో, బయట ఆడుకో పో" అంటారు. పిల్ల బయటికి పోతుంది. ఆడుకోదు. కిటికీ కిందనో తలుపు సందులోనో నిలబడుతుంది. మా దిక్కు పెద్దవాళ్ళు క్యాన్సర్ అన్న మాట నోట రానివ్వరు. "గడ్డ" అంటారు, "పెద్ద బీమారి" అంటారు, రేడియేషన్‌ను "కరెంటు పెట్టుడు" అంటారు. ఆ సగం మాటలు విన్న పిల్ల మిగతా సగం సొంతంగా కల్పించుకుంటుంది. అది కల్పించుకున్నది నిజం కన్నా తేలికగా ఉండటం నేను ఒక్క ఇంట్లోనూ చూడలేదు.

పిల్లల జోలికి పోకు

మా డాక్టర్ సారు మంచివాడు. రోగి నొప్పితో మూలిగితే ఆయన మొహం కూడా ముడుచుకుపోయేది. ఆయనది ఒకటే నియమం.

"సిస్టర్, నీ పని రోగితోని. పిల్లల జోలికి పోకు. వాళ్ళకు ఏం చెప్తరో, చెప్పరో, వాళ్ళింటి సంగతి. రేపు ఏమన్న అయితే మన మీదికొస్తది."

నేను ప్రతిదానికీ ఆయనతో వాదించేదాన్ని. దూది తక్కువ ఇచ్చారని వాదించాను, బండి సీటు చిరిగిందని వాదించాను. ఈ మాటకు మాత్రం కిమ్మనలేదు. ఎందుకంటే నాకూ భయమే. పోయే మనిషి ముందు కూర్చోగలను. ఆ మనిషి బిడ్డ వచ్చి "మా అమ్మకు ఏమైంది?" అంటే కూర్చోలేను. మనకు ఇష్టం లేని పనినే పై అధికారి కూడా వద్దంటే, దానంత సుఖమైన ఉత్తర్వు ఇంకోటి ఉండదు. అలాంటి ఉత్తర్వు వచ్చినప్పుడు మీ మీద మీరే అనుమానపడండి.

చెరుకు లారీ

పెద్ద కొడప్‌గల్ దగ్గరి ఒక తండాలో ఒకాయన గొంతు క్యాన్సర్‌తో పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు, ఏడేళ్ళది, ఐదేళ్ళది. చివరి వారంలో వాళ్ళను మేనత్త ఇంటికి పంపేశారు. అన్నీ అయిపోయాక తీసుకొచ్చి, "నాయిన చెరుకు కొట్టనీకి మహారాష్ట్ర పోయిండు" అని చెప్పారు. ఆ తండాలో చాలామంది ఏటా చెరుకు కోతకు పోయేవాళ్ళే కాబట్టి పిల్లలు నమ్మారు.

కోతలు అయిపోయి లారీలు తిరిగొచ్చే రోజుల్లో వేరే రోగి కోసం అటు పోతే, అక్కాచెల్లెళ్ళిద్దరూ రోడ్డు పక్కన కూర్చుని కనిపించారు. లారీ ఆగగానే లేస్తున్నారు. దిగినవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూస్తున్నారు. మళ్ళీ కూర్చుంటున్నారు.

"ఎన్ని దినాల సంది గిట్ల కూసుంటున్నరు?" అని వాళ్ళ పెద్దమ్మను అడిగాను.

"లారీలు వచ్చుడు షురూ అయినప్పటి సంది" అన్నది ఆమె, అటు చూడకుండానే.

బండిలో కూర్చుని ఏడ్చాను. అబద్ధం చెప్పకూడదని ఆ రోజే నేర్చుకోవాల్సింది. నేను నేర్చుకున్నది వేరు. తిరిగొచ్చే రోజు ఉన్న అబద్ధం చెప్పకూడదు, అంతకన్నా గట్టి అబద్ధం చూసుకోవాలి అనుకున్నాను. చూడండి నా తెలివి!

రేణుక

రేణుక ఇల్లు బాన్సువాడలోనే, బీడీలు చేసేవాళ్ళు ఎక్కువగా ఉండే ఒక గల్లీలో. ముప్పై ఒక్క ఏళ్ళ మనిషి. చాట ఒళ్ళో పెట్టుకుని ఆకు చుట్టడం మొదలుపెడితే వేళ్ళు కనిపించేవి కావు. భర్త సాయిలు కోటగిరి వైపు పొలాల్లో ట్రాక్టర్ నడిపేవాడు. ఇంట్లో అత్త గంగవ్వ. ఒక్కతే బిడ్డ, పేరు శ్రావణి, తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి.

రేణుక రొమ్ములో గడ్డ తగిలితే ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. తర్వాత హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది, మందు ఎక్కించడం మొదలైంది. ఆపరేషన్ పుండు మానలేదు. దాన్ని కడగడానికి ప్రతి గురువారం సాయంత్రం పోయేదాన్ని, ఆ రోజుకు మాకు అదే చివరి ఇల్లు. పిల్లకు మాత్రం "అమ్మకు చిన్న గడ్డ లేస్తే తీసేసిన్రు, ఇగ మంచిగైంది" అని చెప్పి పెట్టారు. పుండు కడిగేటప్పుడు తలుపు వేసేవాళ్ళం.

రెండోసారి మందు ఎక్కించాక జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. మిగిలింది హైదరాబాద్‌లోనే గీయించుకుని ఒక గురువారం మధ్యాహ్నం రేణుక ఇంటికి వచ్చింది. నేను పోయేసరికి కొంగు తలనిండా కప్పుకుని గోడకు ఆనుకుని ఉంది. శ్రావణి బడి నుంచి వచ్చే వేళయింది.

"పొల్ల అడుగుతది సిస్టరమ్మా" అన్నది గంగవ్వ, చేతులు నలుపుకుంటూ. "ఏం చెప్పాలె? నాకైతే కాళ్ళు చేతులు ఆడుతలేవు."

పిల్లల జోలికి పోవద్దని సారు చెప్పాడు. నా నోరు ఊరుకుంటేనా?

"గింత ఫికర్ దేనికి? ఏములాడ రాజన్నకు తలనీలాలు ఇచ్చిందని చెప్పుండ్రి. మొక్కు అనుండ్రి. ఇగ ఎవలు ఏం అడగరు" అన్నాను.

వేములవాడ దేవుడి పేరు వినగానే గంగవ్వ మొహం విచ్చుకుంది. రేణుక ఎన్నో రోజుల తర్వాత నవ్వింది. "నీ తెలివే తెలివి సిస్టరక్కా" అన్నది. నేను పొంగిపోయాను.

శ్రావణి వచ్చింది. తల్లి గుండు మీద చెయ్యి పెట్టి తడిమింది. "ఎందుకు మొక్కినవే అమ్మా?" అని అడిగింది.

రేణుక కొంగు మళ్ళీ తల మీదికి లాక్కుంది. గంగవ్వే అందుకుంది. "నీ కోసమే బిడ్డా. నువ్వు సల్లగుండాలె అని మొక్కింది."

పిల్ల ఇంకేమీ అడగలేదు. పుస్తకాల సంచీ గోడ మేకుకు తగిలించి, చాట దగ్గర కూర్చుని బీడీలకు దారం కట్టడం మొదలుపెట్టింది. పని ఎంత సులువుగా అయిపోయిందో అని నాకు సంబరం. ఆ నెలలోనే ఇంకో రెండిళ్ళలో ఇదే మాట చెప్పించాను.

గురువారాలు

ముందు పిల్ల తిండి తగ్గింది. గంగవ్వ గుడ్డు ఉడకబెట్టి ఇస్తే సగం తిని లేచిపోయేది. తర్వాత రంగు పెన్సిళ్ళ డబ్బా పక్కింటి పిల్లకు ఇచ్చేసింది. "ఎందుకిచ్చినవే?" అంటే "నాకెందుకు ఇగ" అన్నదట. టీచర్ సాయిలును పిలిపించి, పిల్ల పిలిస్తే పలకడం లేదని చెప్పింది. సాయిలు పండగ కాకుండానే కొత్త గౌను తెచ్చాడు. శ్రావణి దాని మడత విప్పలేదు.

ఈ లోపల రేణుకకు రోగం వెన్నుపూసలోకి పాకింది. మందు ఎక్కించడం ఆపేశారు. ఇక మిగిలింది నొప్పి లేకుండా చూడటమే. తల్లికి మిగిలినవి నెలలు. అటు పిల్ల చూస్తే వారం వారం సగమవుతోంది. తల్లి పోయేనాటికి ఈ పిల్ల ఏమవుతుందోనని నాకు గుబులు పట్టుకుంది. "తల్లి సంగతి కనిపెట్టిందేమో" అని ఇంట్లోవాళ్ళు ఇంకా గుసగుసగా మాట్లాడారు. పిల్ల రాగానే మాట ఆపేశారు. తల్లిలేని పిల్ల కాబోతోందని జాలిపడి, గంగవ్వ పొద్దున లేస్తే "ఏం గావాలె బిడ్డా, ఏం తింటవ్?" అని వెంటపడేది. అంతకు ముందు అల్లరి చేస్తే వీపు విమానం మోత మోగించిన సాయిలు, ఇప్పుడు దాని మొహం చూసి కళ్ళు తుడుచుకుంటూ బయటికి పోయేవాడు.

నేనేం తక్కువ తినలేదు. పిల్లను మరిపించడానికి ప్రతి గురువారం స్టెతస్కోపు దాని గుండె మీద పెట్టేదాన్ని. చిక్కిపోయిందని విటమిన్ గోళీలు ఇచ్చాను, రోజూ మరవకుండా వేసుకోమని గట్టిగా చెప్పాను.

ఒక గురువారం నేను సంచీ సర్దుకుంటుంటే గడపలో నిలబడి అడిగింది. "సిస్టర్, నొప్పి అయితదా?"

ఎవరికి అని నేను అడగాలి. ముప్పై ఏళ్ళు రోగులను "ఎక్కడ, ఎప్పటి నుంచి" అని అడిగినదాన్ని, ఆ చిన్న ప్రశ్న అడగలేకపోయాను. తల్లి గురించే అనుకున్నాను.

"నేనున్న గదా. నొప్పి కానియ్య" అన్నాను.

"ఇగ మందు లేదంట గదా? నాయిన ఫోన్ల చెప్తుంటె ఇన్న."

"పెద్దోళ్ళ ముచ్చట్లు నీకెందుకే? పో, ఆడుకో పో" అని కసిరాను. నాకు భయమేస్తే కోపం వస్తుంది. అది నా జబ్బు, మా ఇంట్లో అందరికీ తెలుసు. పాపం, ఆ పిల్లకు తెలియదు కదా. తల వంచుకుని పోయింది. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

కటింగ్ షాపు

తర్వాతి గురువారం నేను పోయేసరికి గంగవ్వ గల్లీ మొదట్లోనే ఎదురొచ్చింది, చెప్పులు కూడా లేవు.

"బడి ఇడిసి గంటయింది సిస్టరమ్మా, పొల్ల రాలే! దోస్తుల ఇండ్లల్ల అడిగిన, యాడా లేదు. సాయిలు కోటగిరిల ఉన్నడు. రేణుకకు ఇంక చెప్పలే, చెప్తే అది లేసి ఉరుకుతది."

మా దిక్కు కాలువలో నీళ్ళు నిండుగా పోతున్న రోజులవి. ఆ ఆలోచన వచ్చిందని గంగవ్వకు తెలియకూడదని మొహం తిప్పుకున్నాను. అంతలో ఆమె చేతిలోని ఫోన్ మోగింది. సాయిలు. బస్టాండు దగ్గర తను ఎప్పుడూ క్షవరం చేయించుకునే కటింగ్ షాపు నుంచి ఫోన్ వచ్చిందట, పిల్ల అక్కడుందట. గంగవ్వను ఇంటి దగ్గరే ఉండమని బండిని అటు తిప్పించాను.

షాపులో ఎత్తు కుర్చీ మీద శ్రావణి కూర్చుని ఉంది. కాళ్ళు కిందికి అందడం లేదు. జడలు రెండూ విప్పుకుని ఉంది.

"చూడు సిస్టర్," అన్నాడు షాపాయన, బయటికి వచ్చి. "పొల్ల ఒక్కతే వచ్చి గుండు చెయ్యమంటున్నది. పైసల్ గూడ తెచ్చింది. నేను కత్తెర ముట్టలే. ఏందమ్మా అంటే చెప్తలేదు. సాయిలన్న బిడ్డ అని గుర్తువట్టి ఫోన్ చేసిన."

దాన్ని దింపి తీసుకొచ్చి మా బండి మెట్టు మీద కూర్చోబెట్టుకున్నాను. తిట్టడానికే నోరు తెరిచాను, ఎందుకో తిట్టు రాలేదు.

"గుండు ఎందుకే బిడ్డా?"

"అమ్మ ఇచ్చిన వెంట్రుకలు దేవునికి సాల్తలేవు" అన్నది. "నాకు బీమారి తక్కువైతలేదు. అందుకే నావి గూడ ఇస్త. నేను సచ్చిపోతే అమ్మకు ఎవలుంటరు?"

మా డ్రైవర్ మొహం అటు తిప్పుకున్నాడు. నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. పట్టాక, కూర్చున్నచోటే చచ్చిపోవాలనిపించింది. మన దగ్గర తల్లి మొక్కితే ఎవరి కోసం మొక్కుతుంది? బిడ్డకు ప్రాణం మీదికొస్తేనే కదా జుట్టు ఇచ్చేది! గంగవ్వ నోటితో చెప్పింది కూడా, నీ కోసమే అని. దాన్ని చూసి నాయిన ఏడుస్తున్నాడు. అది రాగానే అందరూ మాట ఆపుతున్నారు. అడగకుండానే గుడ్డు పెడుతున్నారు, గౌను తెస్తున్నారు. దవాఖాన నుంచి ఒక సిస్టర్ వారం వారం వచ్చి గుండె చూసి, గోళీలు ఇచ్చి పోతోంది. మందు ఇక లేదని ఫోనులో అంటున్నారు. తొమ్మిదేళ్ళ పిల్ల లెక్కలో ఎక్కడా పొరపాటు లేదు. పొరపాటంతా మేము ఇచ్చిన లెక్కలోనే ఉంది. ఇన్ని వారాలు ఆ పిల్ల తనే చచ్చిపోతున్నానని మోసింది, అమ్మ బాధపడుతుందని ఎవరికీ చెప్పకుండా.

"నీకు ఏం గాలే" అన్నాను దాని రెండు చేతులూ పట్టుకుని. "ఒట్టు. నీకు ఏ బీమారీ లేదు. గా గోళీలు బలానికిచ్చిన. నీ గుండె ఊకెనే చూసిన, ఆటకు."

నా మొహంలోకి చూసింది. నమ్మిందో లేదో తెలియదు. తర్వాత నేను భయపడుతున్న ప్రశ్న రానే వచ్చింది.

"మరి ఎవలకు?"

నీకు కాదు అని చెప్పిన నోటితో మీ అమ్మకు అని చెప్పాలి. కానీ అది రేణుక చెప్పాల్సిన మాట. రేణుకను అడగకుండా నేను చెప్పేస్తే అది రెండో తప్పు. చెప్పకపోతే పిల్ల మళ్ళీ కల్పించుకుంటుంది.

"ఉన్నది బిడ్డా, ఒక ముచ్చట ఉన్నది. అది మీ అమ్మ చెప్తది. నేను పక్కనే కూసుంట. ఇగ ఎవలు నీతోని అబద్ధం ఆడరు" అన్నాను.

బస్టాండు నుంచి వాళ్ళ గల్లీ ఎంత దూరం, ఐదు నిమిషాలు. నా ఉద్యోగంలో అంత పొడుగు దారి నేను తిరగలేదు. పిల్ల విప్పిన జడలు తనే మెల్లగా అల్లుకుంటూ కూర్చుంది.

రేణుక చెప్పింది

పిల్లను గంగవ్వకు అప్పగించి, ముందు నేనొక్కదాన్నే లోపలికి పోయి రేణుకకు జరిగింది చెప్పాను. ఆమె ముందు తెల్లబోయింది. తర్వాత కోపం వచ్చింది.

"నువ్వే గదా సిస్టరక్కా గట్ల చెప్పుమన్నది!"

"అవు. నేనే. తప్పు నాదే. నీ కాళ్ళు మొక్కుమంటే మొక్కుత. గానీ ఇయ్యాల నిజం చెప్పకుంటే, అది తానే సస్తున్న అనుకుంటది."

గంగవ్వ గడపలోంచే "ఒద్దు, ఒద్దు" అన్నది. "పసిగుండె, పలిగిపోతది. పెద్దగైనంక చెప్దురు."

"ఇంకేం పలగాలె అత్తమ్మా?" అన్నది రేణుక. "పొల్ల నా కోసం గుండు చేయించుకోనీకి పోయింది. పిలువు దాన్ని."

నేను చాలామంది డాక్టర్లు రోగులకు చెడ్డ కబురు చెప్పడం విన్నాను. రేణుక చెప్పినట్టు చెప్పినవాళ్ళు నాకు గుర్తు లేరు. చాట పక్కకు జరిపింది. పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. తల మీది కొంగు తీసేసింది.

"బిడ్డా, నేను ఏములాడ పోలే. ఈ వెంట్రుకలు దేవునికి ఇయ్యలే. మందుకు ఊడినయ్. నాకు రొమ్ముల లేసిన గడ్డ మంచిది గాదు. దాని పేరు క్యాన్సర్. బీమారి నాకు. నీకు గాదు."

శ్రావణి రెప్ప వేయకుండా విన్నది. "నాకు ఏం గాలేదా?"

"ఏం గాలే. నువ్వు మంచిగున్నవ్."

పిల్ల మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. నవ్వింది కూడా! ఎన్నో వారాల తర్వాత పళ్ళు కనిపించేటట్టు నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే దానికి అర్థమైంది, తను దేనికి నవ్వుతోందో. వెంటనే రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆ కళ్ళలో భయం చూసి నేను తట్టుకోలేకపోయాను.

రేణుక ఆ చేతులు పట్టి కిందికి దించింది. "నవ్వు బిడ్డా. నీకు ఏం గాలేదని నాకు గూడ మస్తు సంబురం. తప్పేం లేదు, నవ్వు."

అప్పుడు ఏడ్చింది పిల్ల. తల్లి ఒళ్ళో తల పెట్టి, వెక్కి వెక్కి ఏడ్చింది. గంగవ్వ ఊరుకోబెట్టబోతే నేను వద్దని సైగ చేశాను. ఏడుపు తగ్గాక ప్రశ్నలు మొదలైనాయి. ముట్టుకుంటే వస్తుందా? రాదు. నేను సైకిల్ కావాలంటే నువ్వు ఎక్కువ బీడీలు చేసినవ్, అందుకు వచ్చిందా? కాదు బిడ్డా, నువ్వు చేసిన దేనికీ రాలేదు. ఇది నేనే గట్టిగా చెప్పాను, మూడుసార్లు చెప్పాను. ఆ సైకిల్ సంగతి మా ఎవరి ఊహలోనూ లేదు.

చివరికి అడిగింది. "నువ్వు సచ్చిపోతవా అమ్మా?"

రేణుక నా వైపు చూసింది. నేను తల దించుకోకుండా ఉండటానికి నాకున్న బలమంతా పట్టింది.

"పోతనేమో బిడ్డా" అన్నది రేణుక. "ఈ బీమారి మానేటిది గాదన్నరు. ఇయ్యాల గాదు, రేపు గాదు. గా దినం వస్తున్నదని నాకు తెలిస్తే ముందు నీకే చెప్త. నీకు చెప్పకుండ పోను."

ఆ మాట విని నాకు కొత్త భయం పట్టుకుంది. చావు అడిగి వస్తుందా? మాట ఇచ్చేసింది, నిలబెట్టుకోలేకపోతే ఎలా? ఆ రోజు నుంచి నా గురువారాలన్నీ ఆ భయంతోనే గడిచాయి.

ఆ తర్వాత

మరునాడు డాక్టర్ సారుకు అంతా చెప్పాను, నా తప్పుతో సహా. ఆయన పెన్ను మూత తీస్తూ పెడుతూ విన్నాడు. "ఇగ పిల్లల సంగతి నీ ఇష్టం సిస్టర్" అన్నాడు. అధికారులు తప్పు ఒప్పుకునే పద్ధతి అదే, అంతకు మించి ఎదురు చూడకండి. తలనీలాల మాట చెప్పించిన మిగతా రెండిళ్ళకు అదే వారం పోయి, అక్కడి తల్లుల కాళ్ళావేళ్ళా పడి ఆ అబద్ధాన్ని విప్పించాను. ఒక ఇంట్లో నన్ను తిట్టి పంపారు, మళ్ళీ పోయాను.

ఆ తర్వాత ఏ ఇంటికి పోయినా నా మొదటి పని పిల్లలను అడగడం. చెప్పడం కాదు, అడగడం. "ఇంట్ల ఏం నడుస్తున్నదని నీకు అనిపిస్తున్నది?" అంతే. మద్నూర్‌లో మరాఠీ మాట్లాడే ఒక ఇంట్లో, ఇంకా ఏమీ తెలియదని తల్లి ప్రమాణం చేసిన పన్నెండేళ్ళ పిల్ల, తండ్రికి ఏ గోళీ ఎన్నింటికో నాకే వరుసగా చెప్పింది. పిల్లలు అడిగినంతే చెప్పండి, కానీ చెప్పింది నిజమై ఉండాలి. చెప్పేది అమ్మో నాయినో అయితే మంచిది, మీరు పక్కన కూర్చోండి. నీ వల్ల రాలేదని పిల్ల అడగకపోయినా చెప్పండి. ఏం చెప్పాలో తెలియకపోతే "నాకు తెల్వదు బిడ్డా" అనండి. పరువేం పోదు.

ఇయ్యాల బడికి పోకు

రేణుక ఇంకో ఐదు నెలలు బతికింది. మందు ఎక్కించడం ఆపేశారు కదా, జుట్టు మళ్ళీ వచ్చింది. వేలెడంత, మెత్తగా. బడి నుంచి రాగానే దానికి నూనె రాసి దువ్వడం శ్రావణి పని. "ఉన్నయే గిన్ని, దానికి గంటసేపు దువ్వుడా!" అని రేణుక వేళాకోళం చేసేది. పిల్ల గుడ్డు మొత్తం తినేది. పక్కింటి పిల్లతో కొట్లాడి రంగు పెన్సిళ్ళు సగం వెనక్కి తెచ్చుకుంది. దుఃఖం లేక కాదు. ఒక్కోసారి అన్నం తింటూ తింటూ ఏడ్చేది. కానీ తల్లిని పట్టుకుని ఏడ్చేది, గోడ అవతల నిలబడి కాదు.

చివరి రోజున నేను అక్కడ లేను. గంగవ్వ చెప్పింది. పొద్దున శ్రావణి సంచీ భుజాన వేసుకుని గడప దాటబోతుంటే, రెండు రోజులుగా మాట సరిగా రాని రేణుక కళ్ళు తెరిచి పిలిచిందట.

"బిడ్డా, ఇయ్యాల బడికి పోకు."

పిల్ల ఆగిందట. కొంచెంసేపు తల్లి మొహంలోకి చూసిందట. ఎందుకని అడగలేదట. సంచీ మేకుకు తగిలించి, నూనె సీసా, దువ్వెన తెచ్చుకుని తల్లి తల దగ్గర కూర్చుందట. పొద్దు వాలకముందే రేణుక పోయింది.

మూడో రోజు నేను పోయాను. ఇల్లు నిండా చుట్టాలు. దూరపు చుట్టం ముసలామె ఒకామె శ్రావణిని ఒళ్ళోకి లాక్కుని ఓదారుస్తోంది. "ఏడ్వకు బిడ్డా. మీ అమ్మ ఊరికి పోయింది. దేవుని ఊరికి. మల్ల వస్తది."

శ్రావణి ఆమె చేతులు విడిపించుకుని లేచి నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"రాదు పెద్దవ్వా. మా అమ్మ సచ్చిపోయింది. నాకు చెప్పే పోయింది."